అవతలివైపు ఎగిరేవాడు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో సెంటర్లు, అదే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు కుర్రాళ్ళు, నాలుగేళ్ళు ఎందుకుండరని నన్ను అడగని మనిషి మా ఊళ్ళో లేడు. క్షౌరానికి పోతే అడుగుతారు, చర్చి మెట్ల మీద అడుగుతారు, పళ్ళ డాక్టరైతే నా నోట్లో చేయి పెట్టి మరీ అడుగుతాడు. "ఏమయ్యా డెన్‌హామ్, ఆ పొడుగు కుర్రాణ్ణి కూడా పోగొట్టుకున్నారటగా?" అంటాడు, నేనేదో జేబులోంచి జారవిడుచుకున్నట్టు. అందరికీ ఒకటే జవాబు చెబుతుంటాను. పెద్ద కాలేజీలు ఎక్కువ డబ్బిస్తాయి, పైగా ఇప్పుడు పోర్టల్ అని ఒకటి వచ్చింది, అందులో పేరు ఎక్కించుకుంటే చాలు ఎవడైనా ఏటా కాలేజీ మారిపోవచ్చు, ఏప్రిల్ వచ్చిందంటే మా జట్టులో ఎవడుంటాడో ఎవడు పోతాడో ఆ దేవుడికే తెలియాలి అని. ఇది నిజమే. కాకపోతే సగం నిజం. మా దగ్గర సెంటర్లు వెళ్ళిపోవడం నలభై ఏళ్ళ కిందటే మొదలైంది. అప్పటికి పోర్టలూ లేదు, దాని తాతా లేడు.

హార్మన్ కాలేజీలో పొడుగాటి కుర్రాళ్ళకి ఆట నేర్పే అసిస్టెంట్ కోచ్‌ని నేను. నేను మాత్రం పొట్టివాణ్ణి, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇక్కడే చదివాను, ఇక్కడే బంతి నడిపించే గార్డుగా ఆడాను. ఆ రోజుల్లో మా సెంటర్ వెండెల్ స్ట్రౌడ్. ఎడమచేతివాటం. ఆట మొదట్లో రిఫరీ బంతి పైకి విసిరితే వెండెల్ అవతలి జట్టు సెంటర్ కంటే ముందే ఎగిరి దాన్ని ఎడమచేత్తో వెనక్కి, కాస్త పక్కకి తట్టేవాడు. అది నేరుగా వచ్చి నా రొమ్ముకి తగిలేది. నేను చూడాల్సిన పని కూడా ఉండేది కాదు. నన్ను "ఉడతా" అని పిలిచేవాడు. వాడొక్కడే. ఇంకెవడైనా అంటే ఊరుకునేవాణ్ణి కాను.

మూడో ఏడు ముగిశాక పెద్ద జట్ల వాళ్ళు వాడి ఇంటి చుట్టూ తిరిగారు. వాడు వెళ్ళనన్నాడు. నాలుగో ఏడు ఆఖరి ఆట రోజున చేయి పట్టుకుని కోర్టు నడిమధ్యకి నడిపించుకెళ్తానని వాళ్ళమ్మ ఓపల్‌కి మాటిచ్చాడు. చదువు ముగించే ఆటగాళ్ళని ఆ రోజు అమ్మానాన్నలతో నడిపిస్తారు, అమ్మలకి పూలిస్తారు. ఆ ఆగస్టులో వెండెల్ ఈతకని ఓహియో నదిలో దిగాడు. మళ్ళీ పైకి రాలేదు.

అక్టోబరులో ప్రాక్టీసు మొదలైన రోజున అప్పటి కోచ్ ఒక పని చేశాడు. కొత్త సెంటర్‌ని మధ్య వృత్తంలో నిలబెట్టి, ఎదుటివైపు ఖాళీగా వదిలేసి, బంతి పైకి విసిరాడు. వెండెల్‌కి గౌరవం అన్నాడు. అది ఆచారమై కూర్చుంది. ఏటా అక్టోబరులో మా సెంటర్ ఒక్కడే ఎగురుతాడు, ఎదురుగా ఎవరూ ఉండరు. ఎవరూ లేనప్పుడు గెలవడానికి కష్టమేముంది?

అక్కడే ఉంది చిక్కంతా. మొదటి ఏడు మావాళ్ళు అవలీలగా గెలుస్తారు. రెండో ఏడు కూడా గెలుస్తారు గానీ కిందికి దిగాక వేళ్ళు చూసుకుంటారు. మూడో ఏడు ఓడిపోతారు. అవును, ఒంటరిగా ఎగిరి ఓడిపోతారు! బంతి వాళ్ళ చేతికి అందబోయేంతలో పక్కకి తిరిగి, గోడవారన నిలబడ్డ నా రొమ్ముకొచ్చి తగులుతుంది. అవతలివైపు నేల మీద తడి ఉంటుంది, చెప్పుల్లేని పెద్ద పాదం దిగినట్టు. జట్టంతా నవ్వుతుంది. కోచ్ సరిగ్గా విసరలేదంటారు, కప్పు కారిందంటారు, తుడిచేస్తారు. ఆ వసంతానికి సెంటర్ సామాను సర్దుకుంటాడు. బ్రెన్నన్ అని ఒకడు వేరే రాష్ట్రం వెళ్ళాక నాకు ఫోన్ చేశాడు.

"కోచ్, అవతలివైపు ఉన్నదెవరు?"

"ఎవరూ లేరు నాయనా" అన్నాను.

"సరే కోచ్. మీరు కూడా అక్కడ ఉండకండి" అని పెట్టేశాడు.

నేనెక్కడికి పోతాను? ఆ బంతి నా కోసమే వస్తుందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, భయంతో పాటు అదో రకమైన సంతోషం కూడా. స్నేహితుడు ఏడాదికోసారి పలకరించినట్టుండేది.

అలాంటి చోటికి వచ్చాడు టోబీ ప్రూయిట్.

వచ్చినప్పుడు వాడిలో పొడుగు తప్ప ఇంకేమీ లేదు. గాలి వీస్తే గుమ్మం పట్టుకునేవాడు. వాళ్ళమ్మ లోరెట్టా ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతుంది. కొడుకుని దింపడానికి వచ్చిన రోజున నా ఎదురుగా నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "కోచ్, వీడు తింటాడు, మాట వింటాడు, అబద్ధమాడితే చెవులెర్రబడతాయి. నాలుగేళ్ళ తర్వాత ఇదే మనిషిని నాకు తిరిగివ్వాలి. తెలిసిందా?" అంది. తెలిసిందన్నాను. తల్లులందరితోనూ అదే అంటాను.

మూడేళ్ళలో వాడు ఎలాంటి ఆటగాడయ్యాడంటే, మాలాంటి కాలేజీలో అలాంటి సెంటర్ ఉండటమే వింత. కుడిచేత్తో, బాస్కెట్‌కి వీపు పెట్టి తిరిగి వేసే ఆ హుక్ షాట్ నేను నేర్పిందే, గొప్పలు కాదు. నేర్పడానికి వీలైన పిల్లాడు. ఎవరైనా కిందపడితే ముందు వెళ్ళి లేపేవాడు, అవతలి జట్టువాడైనా సరే. "ఒరేయ్, నువ్వు నర్సువా సెంటర్‌వా?" అని అరిచేవాణ్ణి. "రెండూ కోచ్" అని నవ్వేవాడు.

మూడో అక్టోబరులో బంతి ఎప్పట్లాగే వచ్చి నా రొమ్ముకి తగిలింది. అందరూ నవ్వారు. టోబీ మాత్రం ఖాళీ వైపు చూసి, "బాగా ఎగిరారు" అన్నాడు మెల్లగా. 

ఏప్రిల్ రాగానే వాడి కోసం ఫోన్ల మీద ఫోన్లు. మా హెడ్ కోచ్ టిల్‌మన్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, మనిషి చెడ్డవాడు కాదు, కానీ వాడికి ఆటగాళ్ళంటే కంప్యూటర్ తెరమీద కదిలే రంగు గళ్ళు. "రాయ్, గార్డులు ఎంతమందైనా దొరుకుతారు. సెంటర్ దొరకడు. టోబీ ఉంటే వచ్చే ఏడు మనం ఉంటాం, పోతే మనమూ పోతాం. వెళ్ళి మాట్లాడు" అన్నాడు.

నది రోడ్డు మీద హోటల్లో కూర్చున్నాం. టోబీ ముందు వేయించిన పందిమాంసం శాండ్‌విచ్, బన్ను కనబడనంత మాంసంతో.

"మీరు నన్ను ఉండమని అడగడానికే వచ్చారు కదా కోచ్?"

"అందుకే పంపారు."

"మరి అడగండి."

అడగాలనే వచ్చాను. నోరు తెరిస్తే వేరే మాటొచ్చింది. "వెళ్ళిపోరా" అన్నాను. "ఎక్కడికైనా పో. ఇక్కడ నాలుగో ఏడు ఎవడికీ అచ్చిరాదు."

వాడు తినడం ఆపాడు. "అటువైపు ఉన్నాయన గురించేనా? పోయిన అక్టోబరులో ఆయన మోచేయి నాకు తగిలింది కోచ్. తడిగా ఉంది. చల్లగా ఉంది. ఎవరాయన?"

నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది వాడికి చెప్పాను. వెండెల్ సంగతి, నది, వాళ్ళమ్మకిచ్చిన మాట, అన్నీ. వాడు శ్రద్ధగా విన్నాడు, క్లాసులో పాఠం విన్నట్టు.

"అంటే ఆయన నాలుగో ఏడు ఆడనేలేదా?"

"లేదు."

"పాపం" అన్నాడు టోబీ.

 "పాపమేంట్రా వెధవా! నీకు బుద్ధుందా? నేను పొమ్మంటుంటే!"

"మొదలెట్టినచోటే ముగించమని అమ్మ చెప్పింది కోచ్. ఆఖరి ఆట రోజు వేసుకోవడానికి గౌను కూడా కొనేసింది. నేనెక్కడికి పోను?" అని మళ్ళీ శాండ్‌విచ్ అందుకున్నాడు. "ఆయనకి కావాల్సింది ఒక్కసారి గెలవడమేగా. గెలవనిద్దాం."

వాడు ఉంటున్నాడని తెలిసి ఊరంతా పండగ చేసుకుంది. టిల్‌మన్ నన్ను కౌగిలించుకున్నాడు. నాకు మాత్రం ఎండాకాలమంతా తిండి సయించలేదు.

అక్టోబరు వచ్చింది. టోబీ వృత్తంలో నిలబడ్డాడు. టిల్‌మన్ బంతి విసిరాడు. టోబీ ఎగరలేదు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, పెద్దవాళ్ళకి దారిచ్చినట్టు అరడుగు వెనక్కి జరిగాడు. బంతి పైన ఒక్క క్షణం ఆగి, 'టప్'మనే చప్పుడుతో తిరిగింది. అరచేతి చప్పుడు అది. అందరూ విన్నారు. బంతి నా రొమ్ముకి ఎంత గట్టిగా తగిలిందంటే, నేను గోడకి ఆనుకున్నాను.

ఈసారి నేల మీద తడి లేదు.

టోబీ ఎడమచేయి పైకెత్తి చూసుకున్నాడు. వేళ్ళు ఒకసారి ముడిచాడు, తెరిచాడు. నా వైపు తిరిగాడు. మొహం టోబీదే.

"ఏంటలా చూస్తావు ఉడతా? బంతి ఇటివ్వు."

ఆ పేరు వాడికి నేను చెప్పలేదు. హోటల్లో అన్నీ చెప్పాను గానీ అది చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఆ పేరు నా పెళ్ళానికి కూడా తెలియదు.

ఆ చలికాలం మేం గెలిచినట్టు హార్మన్ కాలేజీ ఎప్పుడూ గెలవలేదు. టోబీ ఎడమచేత్తో ఆడుతున్నాడు. కుడిచేత్తో నేను నేర్పిన హుక్ షాట్ మాయమైపోయింది. దాని బదులు ఎడమవైపు తిరిగి బాస్కెట్ వెనక పలకకి, గోడకి కొట్టినట్టు, కొట్టి వేసే పాత షాట్, ఈ కాలంలో ఎవడూ వేయనిది. రేడియోలో వాళ్ళు రెండు చేతుల మొనగాడని పొగిడారు. వాడి జుట్టు ఎప్పుడూ తడిగానే ఉండేది. సెల్‌ఫోన్ లాకర్లో చచ్చిపడి ఉండేది. ఒకరోజు నడవాలో గోడ తడుముతూ కనబడ్డాడు.

"ఇక్కడ డబ్బులేసే ఫోన్ ఉండాలిగా ఉడతా, తీసేశారా? అమ్మకి ఫోన్ చెయ్యాలి."

"ఏ అమ్మకిరా?" అన్నాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. "నాకెంతమంది అమ్మలుంటారు?"

నేను రెండడుగులు వెనక్కి వేశాను. సిగ్గేముంది, వేశాను. అదే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పాత రోజుల కబుర్లు చెప్పుకోవాలని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. లోపల టోబీ ఎక్కడున్నాడు? చీకట్లో ఉన్నాడా, నీళ్ళలో ఉన్నాడా?

టిల్‌మన్‌తో మొర పెట్టుకున్నాను. "నాలుగో ఏడు కుర్రాళ్ళు ఇలాగే పండుతారు. అందుకేగా ఉండమన్నాం" అన్నాడు. నేను ఇంకా ఏదో చెప్పబోతే, "రాయ్, గెలుస్తున్నాం. నోరు మూసుకుంటావా దయచేసి?" అన్నాడు.

ఫిబ్రవరిలో లోరెట్టా ఫోన్ చేసింది. గొంతు చిన్నదైపోయి ఉంది. "కోచ్, మొన్న నేను ఆటకొచ్చాను. అయిపోయాక దగ్గరికెళ్తే, 'వచ్చినందుకు థ్యాంక్స్ మేడమ్' అని చెయ్యి కలిపాడు. మేడమ్ అన్నాడు కోచ్ నన్ను. వాడికి ఒంట్లో బాలేదా? నేనేమైనా తప్పు చేశానా?"

ఏం చెప్పను ఆ తల్లికి? "ఆఖరి ఆటకి రా లోరెట్టా. ఆ గౌను వేసుకుని రా" అన్నాను. ఫోన్ పెట్టేసి తిన్నగా ఓపల్ స్ట్రౌడ్ ఇంటికి వెళ్ళాను.

ఓపల్‌ని ఊరంతా మిస్ ఓపల్ అంటుంది. ఎనభై దాటాయి. కొడుకు పోయాక ఆమె మా కోర్టులో అడుగు పెట్టలేదు. వంటింట్లో నదివైపు కిటికీకి అడ్డంగా గిన్నెల బీరువా పెట్టించుకుని బతుకుతోంది. నాకు పర్సిమన్ పళ్ళ పుడ్డింగ్ పెట్టింది, రేడియో కట్టేసింది.

"మీ కొత్త సెంటర్ ఆట వింటున్నాను" అంది. "రేడియో వాడు చెబుతుంటే కళ్ళు మూసుకుంటాను. ఎడమవైపు తిరిగాడు, గోడకి కొట్టాడు అంటాడు. నాకు తెలియని షాట్ ఒక్కటీ లేదు. నువ్వు చెప్పడానికొచ్చింది అదేనా?"

"అదే మిస్ ఓపల్. వాడు వచ్చాడు."

ఆమె చెంచా కింద పెట్టింది. 

"మరి ఆ పిల్లాడు?"

"తెలియదు. ఆ పిల్లాడికి తల్లుంది. ఆమెని వాడు గుర్తుపట్టట్లేదు."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"వెండెల్‌కి నువ్వంటేనే భయం. నువ్వు చెబితే పోతాడు."

ఆవిడకి కోపమొచ్చింది. బల్ల మీద చేయి ఆనించి లేచింది. "నలభై ఏళ్ళు, రాయ్! నలభై ఏళ్ళు నేను ఆ కిటికీ తెరవలేదు. ఇవాళ వచ్చి నీ కొడుకొచ్చాడంటావు, మళ్ళీ ఆ నోటితోనే తరిమెయ్యమంటావా? నీకు నోరెలా వచ్చింది? లే! లేచి పో!"

లేచి వచ్చేశాను. తిట్టడం ఆమె హక్కు. కారులో కూర్చుని ఏడ్చాను, ఎవరి కోసమో తెలియకుండా.

ఆఖరి ఆట శనివారం మధ్యాహ్నం. ఆట ఇంకా మొదలుకాకముందే కోర్టు కిక్కిరిసింది. లోరెట్టా పసుప్పచ్చ గౌను వేసుకుని, పూలు పట్టుకుని, మధ్య వృత్తంలో నిలబడింది. చదువు ముగించేవాళ్ళలో టోబీనే ఆఖరు. వాడి పేరు పిలవగానే జనం లేచి నిలబడి అరిచారు. తోటి ఆటగాళ్ళు రెండు వరసల్లో నిలబడి చేతులెత్తి పట్టుకుంటే, వాటి కింద వంగి వచ్చాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోరెట్టా చేతులు చాపింది.

వాడు ఆమె పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అరుపులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. వాడు తలుపు వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. మిస్ ఓపల్ చర్చికి వేసుకునే కోటులో, చేతికర్రతో, మెల్లగా లోపలికి వస్తోంది. వాడు పరుగెత్తలేదు. మాటిచ్చినవాడు ఎలా నడవాలో అలా నడిచి వెళ్ళి, ఎడమచేయి అందించాడు. ఆమె పట్టుకుంది. ఇద్దరూ వృత్తం దాకా వచ్చారు. నేను పక్కనే ఉన్నాను, ప్రతి మాటా విన్నాను.

"మాటిచ్చాను కదమ్మా" అన్నాడు.

"ఇచ్చావు. నిలబెట్టుకున్నావు." ఆమె వాడి చెంప మీద చేయి వేసి తడి తుడిచింది. "ఎంత చల్లగా ఉన్నావురా."

"ఇప్పుడు బాగానే ఉందమ్మా. ఇక్కడ వెలుతురుగా ఉంది."

మిస్ ఓపల్ వాడి చెంప మీంచి చేయి తీయలేదు. ఆ మొహం చూసి, పొమ్మని చెప్పడం ఇక ఆమె వల్ల కాదు అనుకున్నాను. నేనైతే చెప్పలేను. అప్పుడామె పక్కకి తిరిగి, పూలు పట్టుకుని నిలబడ్డ లోరెట్టాని చూసింది. తల్లి తల్లిని చూసింది.

"సరే, అయిందిగా. ఆ పిల్లాణ్ణి వాళ్ళమ్మకిచ్చెయ్" అంది.

"అమ్మా, ఇంకొక్క..."

"వెండెల్!" చీకటి పడ్డా ఇంటికి రాని పిల్లాణ్ణి వాకిట్లోంచి పిలిచే గొంతు అది. "నేను రెండోసారి చెప్పను."

వాడు తల వంచుకున్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. ఎడమచేయి ఆమె చేతిలోంచి జారింది. అంతే. నేల మీద తడి పాదాలు కనబడ్డాయి, ఒకటి, మరొకటి, తలుపు వైపు. తలుపు దాకా పోలేదు, మధ్యలోనే ఆరిపోయాయి. మిస్ ఓపల్ వాటినే చూస్తూ నిలబడింది. పడిపోతుందేమోనని నేను మోచేయి పట్టుకున్నాను.

టోబీ కళ్ళు చిట్లించాడు, నిద్రలోంచి లేచినట్టు. లోరెట్టాని చూశాడు. మొహం విప్పారింది.

"అమ్మా! నువ్వెప్పుడొచ్చావు? గౌను కూడా వేసుకొచ్చావా!" అని నవ్వాడు. "ప్రాక్టీసు మొదటిరోజుకే పూలేంటమ్మా?"

ముందు వరసల్లోవాళ్ళు జోకనుకుని నవ్వారు. లోరెట్టా నవ్వలేదు. వాడు చుట్టూ చూశాడు. జనాన్ని చూశాడు, తెర మీద పెద్దగా మెరుస్తున్న తన బొమ్మ చూశాడు. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"కోచ్, నేను ఎగరలేదు. వదిలేశాను. ఇప్పుడేగా..." అన్నాడు. "ఇవాళ ఏంటి?"

చెప్పాను. వేరే ఎవరు చెబుతారు? ఇవాళ ఆఖరి ఆట అని, నాలుగో ఏడు అయిపోయిందని చెప్పాను. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"గెలిచామా?"

"చాలా గెలిచాం నాన్నా."

"నేను బాగా ఆడానా?"

 మిస్ ఓపల్ తల తిప్పేసుకుంది. లోరెట్టా పూలు నేల మీద పెట్టి, వాడి కుడిచేయి రెండు చేతులతో పట్టుకుని, బస్సెక్కే పిల్లలకి చేసినట్టు వాడి చొక్కా సర్దింది.

"ఈ ఏడు నువ్వాడింది నేను చూళ్ళేదురా" అంది. "ఇప్పుడు ఆడు. చూస్తాను."